పనితనం లేని పని

సౌదామినియమ్మకు సిగ్గు కొత్తేమీ కాదు. కాకపోతే నలభయ్యో ఏడు దాకా ఆమె సిగ్గుపడ్డవన్నీ సిగ్గుపడక్కర్లేని సంగతులు. నడుముకి చుట్టుకునే తెల్ల ముండుకి అతుకు పడితే సిగ్గు. చుట్టం వచ్చిన పూట కూరలో కొబ్బరి తక్కువైతే సిగ్గు. మొగుడు మాధవన్ పిళ్ళ ఉబ్బసం వంక పెట్టి గ్రంథాలయంలో పేపరు ముందు కూర్చుని పొద్దు పుచ్చుతున్నాడని అక్కచెల్లెళ్ళ దగ్గర సిగ్గు. అన్నిటినీ మించిన సిగ్గు, జీడిపప్పు ఫ్యాక్టరీకి కూలికి పోవడం. మొదటి ఏడాదంతా వానా ఎండా లేని రోజున కూడా గొడుగు ముఖం మీదికి వంచుకుని నడిచేది. ఆ గొడుగు కింద ఎవరున్నారో కిలికొల్లూరు ఊళ్ళో తెలియనివాడు లేడు. తెలియనట్టు నటించని దుర్మార్గుడూ లేడు.

పుట్టింటివారి పొలాలు వ్యాజ్యాల్లో కరిగిపోయాయి. ఉమ్మడి ఇల్లు పంచుకుంటే ఆమె వాటాకి వంటిల్లు, పక్కనున్న సామాన్ల గది వచ్చాయి. చింత చచ్చినా పులుపు చావలేదన్నట్టు ఆ రెండు గదుల ఇంటిని కూడా ఆమె పాత పేరుతోనే పిలిచేది. మాధవన్ పిళ్ళయితే ఇంకో ఆకు ఎక్కువ చదివాడు. "నాయర్ల ఆడవాళ్ళు ఫ్యాక్టరీకి పోవడం మా తాత చూసుంటే ఉరేసుకునేవాడు" అనేవాడు, ఆమె కూలితో వచ్చిన టీ ఊదుకుని తాగుతూ.

ఆమెకు ఒక్కటే ఊరట. తనది పప్పు ఏరే పని. జీడిపప్పు ఫ్యాక్టరీలో పనులన్నీ ఒక్కటి కావు. పిక్కలు కాల్చేది మగవాళ్ళు, వాళ్ళకి నెలజీతం. కాల్చిన పిక్కలు కొట్టేది ఊరు అంటరానివాళ్ళన్న పులయ ఆడవాళ్ళు, కురవ ఆడవాళ్ళు. రేకుల షెడ్డులో నేలమీద గొంతుక్కూచుని, రాతిమీద పిక్క పెట్టి కొయ్యసుత్తితో కొడతారు. పెంకులోంచి కారే జీడి చేతుల్ని కాల్చేస్తుంది కనక బూడిద పూసుకుంటారు. ఎంత పూసినా వేళ్ళు నల్లగా మాడిపోతాయి. పొట్టు తీసేది ఎక్కువగా వాళ్ళకన్నా ఒక మెట్టు పైనున్న ఈళవ ఆడవాళ్ళు, వాళ్ళ షెడ్డుకి గచ్చు ఉంది. ఏరేది నాయర్ల ఆడవాళ్ళు. అది హాలు. బల్లలున్నాయి, కూర్చోను బెంచీలున్నాయి, పైన రెండు ఫ్యాన్లున్నాయి. పగలని గుండ్లు ఒకవైపు, బద్దలు ఒకవైపు, ముక్కలు ఇంకోవైపు ఏరుకుంటూ కూర్చుంటే సాయంత్రానికి చేతులు పొద్దున ఉన్నట్టే ఉంటాయి. ఎవరెక్కడ కూర్చోవాలో ఆ ఫ్యాక్టరీలో ఎక్కడా రాసిపెట్టలేదు. రాయకుండానే అందరికీ తెలుసు కనక రాసే శ్రమ యజమాని పడలేదు.

కొట్టుడు షెడ్డుకీ హాలుకీ మధ్య నలభై అడుగులు. పదకొండేళ్ళలో సౌదామినియమ్మ ఆ నలభై అడుగులు ఎప్పుడూ నడవలేదు. కొట్టుడు షెడ్డులో కుంజుపెణ్ణు అనే ఆమె కొట్టిన పప్పు పొట్టు ఊడ్చుకుని ఈమె బల్లమీదికి వచ్చేది. ఈమె చేతులమీదుగా డబ్బాలో పడి, ఓడెక్కి, ఎక్కడో తెల్లదొరల నోట్లో పడేది. ఆ పప్పుకి లేని మైల కుంజుపెణ్ణు ముట్టుకున్న కుండకి ఎలా అంటుకుందో ఆమె ఎన్నడూ ఆలోచించలేదు. నీళ్ళకి మాత్రం హాల్లో వేరే కుండ ఉండేది.

ఆ ఏడాది కొట్టుడు షెడ్డువాళ్ళు కార్మిక సంఘం తరఫున ఒక అర్జీ పెట్టారు. పనితనం ఉన్న పనులంటూ సర్కారు జాబితా ఒకటుంది. కాల్చడం అందులో ఉంది. ఏరడం ఉంది. కొట్టడం లేదు. కొట్టడాన్ని కూడా అందులో చేర్చాలని వాళ్ళ కోరిక. చేరిస్తే కూలి పెరుగుతుంది, వయసైపోయాక ఇచ్చే సొమ్ము పెరుగుతుంది. చేర్చకపోతే ఎప్పటి బతుకే.

మేనేజరు గీవర్గీస్ సౌదామినియమ్మని తన గదికి పిలిపించాడు. కుర్చీ వేయించాడు. పదకొండేళ్ళలో ఆ గదిలో ఆమె కూర్చోవడం అదే మొదలు.

"అమ్మా, మీలాంటి ఇంటివాళ్ళు మా ఫ్యాక్టరీలో ఉండటం మాకు గౌరవం" అన్నాడు. "రేపు లేబర్ ఆఫీసరు వస్తున్నాడు. కొట్టుడూ ఏరుడూ ఒకటేనట, వాళ్ళ మాట. అలా అయితే ఇకమీదట మీరూ కుంజుపెణ్ణూ ఒకే వరసలో నిలబడి ఒకే కూలి పుచ్చుకుంటారన్నమాట. అందరూ అందలమెక్కితే మోసేవాళ్ళెవరమ్మా?"

"నన్నేం చెయ్యమంటారు సారూ?"

"ఉన్నమాట చెప్పండి చాలు. కొట్టుడు ఎవరైనా చేస్తారని. అన్నట్టు మీ అమ్మాయి అంబిక పది పాసయిందట కదా? హాల్లో చోటు ఒకటి ఖాళీ అవుతోంది."

కూతురి కోసమే ఒప్పుకున్నానని సౌదామినియమ్మ ఆ తర్వాత చాలాసార్లు తనకి తాను చెప్పుకుంది. అది సగం నిజం. అంబిక మాట రాకముందే, ఒకే వరస అన్న మాట దగ్గరే ఆమె ఒప్పేసుకుంది.

లేబర్ ఆఫీసరు శ్రీకంఠన్ నాయరు కర్కాటక మాసం జోరువానల్లో, ముండు మోకాళ్ళ దాకా తడుపుకుని వచ్చాడు. ఆఫీసు వరండాలో బల్ల వేశారు. ఒకవైపు మేనేజరు, ఒకవైపు సంఘం నాయకుడు దివాకరన్, మధ్యలో ఆఫీసరు. కుంజుపెణ్ణు తన రాయీ సుత్తీ తెచ్చుకుని వరండా కింది మెట్టుమీద కూర్చుంది. యాభై దాటిన మనిషి. ఎనిమిదో ఏట తల్లి పక్కన కూర్చుని కొట్టడం మొదలుపెట్టింది. ఆమె వేళ్ళకి గోళ్ళు ఉన్నాయో లేవో పోల్చుకోవడం కష్టం. నోరు మాత్రం జీడి అంటని నోరు.

"ఏం చెప్పుకుంటావు?" అన్నాడు ఆఫీసరు.

"చెప్పుకోవడం నాకు రాదు సారూ. కొట్టి చూపిస్తా."

పది పిక్కలు పెట్టుకుంది. టక్కుమని పది దెబ్బలు. పది గుండ్లు అరిటాకులో పడ్డాయి. ఒక్కదానిమీదా గీత లేదు.

"బద్దలైతే ఆ పప్పుకి మాకు కూలి రాదు సారూ. మెల్లిగా కొడితే పెంకు విడదు, గట్టిగా కొడితే పప్పు మిగలదు. మధ్యలో ఎక్కడో ఉంది మా కూడు."

ఆఫీసరు భేష్ అన్నాడు. అని, కళ్ళజోడు తుడుచుకున్నాడు. "కానీ ఇది అలవాటమ్మా. చిన్నప్పట్నుంచీ చేస్తున్నారు, వచ్చేసింది. బాతు ఈదుతుంది. దాన్ని పనితనం అంటామా?"

"బాతు కూలికి ఈదదు కదా సారూ" అంది కుంజుపెణ్ణు. వరండాలో నవ్వారు. ఆఫీసరూ నవ్వాడు. నవ్వి, అలవాటు అనే రాసుకున్నాడు. కాగితం మీద గుండ్రంగా సంతకం పెట్టడం ఆయనకి మాత్రం తల్లి కడుపులోంచి వచ్చింది కాబోలు.

తర్వాత సౌదామినియమ్మని పిలిచారు. ఆమెకి కుర్చీ వేశారు. చెప్పాల్సింది ఆమె రాత్రే నోటికి పట్టింది.

"కొట్టుడు ఎవరైనా చేస్తారు సారూ. రెండు రోజులు కూర్చుంటే వచ్చేస్తుంది. బలం ఉంటే చాలు. ఏరడం అలా కాదు, కళ్ళుండాలి, ఓపికుండాలి."

దివాకరన్ ఎగిరి లేచాడు. "రెండు రోజులెందుకు? రాయి ఇక్కడే ఉంది. పది పిక్కలు ఈవిణ్ణి ఇప్పుడే కొట్టమనండి. రెండు గుండ్లు తీస్తే అర్జీ నేనే చింపేస్తా!"

సౌదామినియమ్మ రాయి వంక చూసింది. నల్లగా, జిడ్డుగా, నడిమధ్య చిన్న గుంటతో ఉంది. తనకి రాదని ఆమెకి ఆ క్షణంలో తెలిసింది. పదిలో ఒక్కటి కూడా రాదు. కూర్చుంటే తన మాట అబద్ధమని తన చేతులే చెబుతాయి.

"ఛ ఛ!" అన్నాడు ఆఫీసరు. ముఖం ఎర్రబడింది. "ఏం మాటలయ్యా అవి? ఆ ఇంటి ఆడవాళ్ళని పట్టుకుని అక్కడ కూర్చోమనడం ఏమిటి?"

"మర్యాద తెలియని మనుషులు" అన్నాడు గీవర్గీస్.

దివాకరన్, మనుషులంతా సమానమని మైకులో గొంతు చించుకునే దివాకరన్, కాలర్ సర్దుకుని, "నేను ఆ ఉద్దేశంతో అనలేదు, అమ్మ తప్పుగా అనుకోకూడదు" అని కూర్చున్నాడు. అదే సమయానికి కుంజుపెణ్ణు గబగబా లేచి తన రాయిని మెట్టు పక్కకి లాగేసింది.

"అయ్యో, కొచ్చమ్మ ముండుకి జీడి అంటుకుంటుంది" అంది. సభల్లో అక్కా అన్నట్టు చేచీ అనండి చాలు, దొరసానీ అన్నట్టు కొచ్చమ్మ అనొద్దని సంఘంవాళ్ళు ఎంత నేర్పినా ఆమె నాలుకకి పాత పిలుపే వచ్చింది.

సౌదామినియమ్మ అమ్మయ్య అనుకుంది. ఆ అమ్మయ్యే ఆమెని తర్వాత నిలవనివ్వలేదు. అబద్ధం చెప్పడం ఒక ఎత్తు. ఆ అబద్ధం బయటపడకుండా, ఎవరి నోటి ముందు కూడు తీసేసిందో ఆ మనిషే రాయి పక్కకి లాగి కాపాడటం ఇంకో ఎత్తు.

ఓణం పండక్కి ముందు ఉత్తర్వు వచ్చింది. కాల్చడం పనితనం ఉన్న పని. ఏరడం పనితనం ఉన్న పని. పొట్టు తీయడం సగం పనితనం ఉన్న పని. కొట్టడం పనితనం లేని పని. హాల్లో అందరికీ టీ, నెయ్యప్పాలు పంచారు. అంబికకి మూడో బల్ల దగ్గర చోటు దొరికింది. సౌదామినియమ్మ చేతిలో నెయ్యప్పం చల్లారిపోయింది. తినలేక పొట్లం కట్టి ఇంటికి తెస్తే మాధవన్ పిళ్ళ తిని, నెయ్యి తక్కువైందన్నాడు.

మర్నాడు గేటు దగ్గర కుంజుపెణ్ణు ఎదురైంది. కొట్టేవాళ్ళని సోదా చేసే వరసలో, రెండు చేతులూ పైకెత్తి నిలబడి ఉంది. తిడుతుందనుకుంది సౌదామినియమ్మ. కనీసం ముఖం తిప్పుకుంటుందనుకుంది. కుంజుపెణ్ణు ఎప్పటిలాగే నవ్వింది.

"అంబిక పాపకి పని దొరికిందటగా కొచ్చమ్మా? మంచిది. కళ్ళు జాగ్రత్తగా చూసుకోమనండి."

సౌదామినియమ్మకి తల కొట్టేసినట్టయింది. తిట్టినా బాగుండేది. తిడితే ఎదురు తిట్టొచ్చు, కోపం తెచ్చుకోవచ్చు, కోపం వస్తే సిగ్గు కాస్త తగ్గుతుంది. ఆ నవ్వుమీద కోపం తెచ్చుకోవడం కుదరదు. బల్ల ముందు కూర్చుంటే గుండ్లు కనబడేవి. ఒక్కో గుండు వంకా చూసి, దీన్ని నేను తీయలేను అనుకునేది. రోజుకి కొన్ని వేలు ఏరుతుంది. రోజుకి కొన్ని వేలసార్లు అనుకునేది. ఇంట్లో చెప్పుకోవడానికి మనిషి లేడు. కూతురికి చెబితే, నా కోసమే కదమ్మా అంటుంది. ఆ మాట వినే ఓపిక ఆమెకి లేకపోయింది.

పది రోజులు అలా కుమిలి, పదకొండో రోజు మధ్యాహ్నం గంట కొట్టగానే ఆమె ఆ నలభై అడుగులూ నడిచింది. క్షమించమని అడుగుదామని. అడిగేది ఎలాగో మాత్రం అనుకోలేదు.

షెడ్డులో వేడి, పొగ, జీడి ఘాటు. కళ్ళు మండాయి. మిగతావాళ్ళు చెట్టుకిందికి పోయారు. కుంజుపెణ్ణు ఒక్కతే తన రాయి దగ్గర కూర్చుని పనసాకు దోనెతో గంజి తాగుతోంది. ఆ వేళ్ళతో అన్నం కలుపుకుని తినడానికి లేదు మరి. సౌదామినియమ్మని చూసి లేవబోయింది.

"ఏంటి కొచ్చమ్మా, లోపల ఫ్యాను ఆగిపోయిందా? గాలి కోసం ఇక్కడికొచ్చారా?"

"కుంజుపెణ్ణూ... ఆ రోజు నేను అన్న మాట..."

"ఏ మాట?"

"ఎవరైనా కొడతారని."

"ఓ, అదా!" గంజి దోనె పక్కన పెట్టింది. "ఎవరో ఒకళ్ళు అనాలిగా. మీరు అనకపోతే ఇంకో అమ్మని కూర్చోబెట్టి అనిపించేవాళ్ళు. పోనివ్వండి. తిన్నారా?"

క్షమించు అన్న మాట సౌదామినియమ్మకి నోట పెగల్లేదు. మాటకి బదులు ఆమె చేసిన పని, వంగి, రాయి ముందు నేలమీద గొంతుక్కూచోవడం.

"అయ్యయ్యో, లేవండి! ఎవరైనా చూస్తే నన్ను గెంటేస్తారు!"

"చూడనీ. నేను కొడతా. ఎవరికి వస్తుందో ఎవరికి రాదో నా చేతులే చెప్పనీ."

పక్కనున్న తట్టలోంచి పిక్క తీసి రాతిమీద పెట్టి కొట్టింది. పిక్క ఎగిరి గోడకి కొట్టుకుంది. ఇంకోటి పెట్టింది. అది చితికి, పప్పు నాలుగు ముక్కలై జీడిలో నానింది. కుంజుపెణ్ణు నెత్తి బాదుకుని, ఇక ఆపలేనని తెలిసి, బూడిద తెచ్చి ఆమె వేళ్ళకి పూసింది.

"పిక్క నడుంమీద కొట్టకండి, వీపుమీద కొట్టండి. అలా కాదు, వీపు అంచుమీద. వేలు తీయండి, వేలు! సుత్తి బరువు దాన్నే పడనివ్వాలి, మీరు తోయకూడదు."

సౌదామినియమ్మ కొడుతూనే ఉంది. కన్నీళ్ళు ఘాటుకో, దుఃఖానికో కారుతూనే ఉన్నాయి. ముప్పై కొట్టిందో నలభై కొట్టిందో, రెండు గుండ్లు వచ్చాయి. వేళ్ళు మంటలెత్తాయి. ఆ మంట ఆమెకి హాయిగా ఉంది. పది రోజులుగా గుండెలో ఉన్న బరువు వేళ్ళలోంచి కారిపోతున్నట్టు అనిపించింది. తీర్థంలో మునిగొచ్చినట్టుందని చెప్పుకోవడానికి కూడా సిద్ధపడిపోయింది. పాపం కడుక్కోవడం ఇంత తేలికైతే లోకంలో పాపులే ఉండరు.

గంట కొట్టారు. కుంజుపెణ్ణు తన కొబ్బరినూనె డబ్బాలోంచి గుప్పెడు నూనె పోసి ఆమె వేళ్ళు ఒక్కొక్కటీ రుద్ది, పాత గుడ్డతో తుడిచింది. నల్లమరక లేకుండా తుడిచింది. "మీ బల్లమీద తెల్లపప్పుకి మరకంటితే మిమ్మల్ని అంటారు" అంది. తర్వాత నేలమీది ముక్కలన్నీ దోసిళ్ళతో ఎత్తి తన బుట్టలో పోసుకుంది.

"అవెందుకు నీ బుట్టలో?"

"ఇంకెవరి బుట్టలో పోస్తారు? పొద్దున నాకు తూచిచ్చిన పిక్కలేగా ఇవి. వెళ్ళండి కొచ్చమ్మా, రెండో గంట కూడా కొట్టేస్తారు."

సౌదామినియమ్మ హాల్లోకి వచ్చి కూర్చున్నాక గాని ఆ మాట అర్థం కాలేదు. బద్దలైన పప్పుకి కూలి లేదు. వరండాలో కుంజుపెణ్ణు ఆఫీసరుకి చెప్పిన మాటే. తను అక్కడ కూర్చుని తీర్థమాడినంతసేపూ పగిలింది తన పాపం కాదు, కుంజుపెణ్ణు కూడు. తన కూలి పోతోందని ఒక్క మాట అనకుండా, బూడిద పూసి, ఎలా కొట్టాలో చెబుతూ పక్కనే కూర్చుంది ఆ మనిషి. సౌదామినియమ్మకి మళ్ళీ లేచి ఎక్కడికైనా పారిపోవాలనిపించింది.

సాయంత్రం ఏరేవాళ్ళు ముందు గేటు గుండా వెళ్ళిపోతారు. ఆమె వెళ్ళలేదు. అంబికని ముందు నడవమని, కాటా దగ్గరికి వెళ్ళింది. అప్పటికి మేస్త్రి వాసవన్ కుంజుపెణ్ణు బుట్ట గుమ్మరించి నిలబడి ఉన్నాడు. కొట్టేవాళ్ళంతా వరసలో ఉన్నారు.

"ఏమే, కళ్ళు మూసుకుని కొట్టావా?" అరుస్తున్నాడు. "ఇన్ని ముక్కలా? ఈ మహాతల్లేనయ్యా పనితనం కావాలని సర్కారుకి అర్జీ పెట్టింది! చూడండి పనితనం! ఆఫీసరుగారు ఊరికే రాశాడా?"

కుంజుపెణ్ణు తలవంచుకుని కాటా వంక చూస్తోంది.

"ఆ ముక్కలు నేను కొట్టినవి" అంది సౌదామినియమ్మ. అందరికీ వినబడేట్టే అంది. "మధ్యాహ్నం నేను వచ్చి కూర్చుని కొట్టాను. నాకు రాదు. దాని కూలి కొయ్యకు."

వాసవన్ ఆమె వంక, తెల్లటి ముండు వంక, శుభ్రంగా ఉన్న చేతుల వంక చూశాడు. చేతులు జోడించాడు.

"అమ్మా, మీది పెద్ద మనసు. కానీ దీన్ని వెనకేసుకు రాకండి. మీరు వచ్చి ఇక్కడ కూర్చుని పిక్కలు కొట్టారంటే నేను నమ్మాలా?"

"నిజంగానే కొట్టాను!"

"చూశారా?" వాసవన్ వరస వైపు తిరిగాడు. "పెద్దింటి బుద్ధి అంటే ఇదీ. ఎవత్తో చేసిన తప్పు తన నెత్తిన వేసుకుంటోంది. నేర్చుకోండి." వరసలో ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు దేవతని చూసినట్టు ఆమె వంక చూశారు. ఒకామె కళ్ళు కూడా ఒత్తుకుంది.

"చెప్పు కుంజుపెణ్ణూ, నువ్వైనా చెప్పు" అంది సౌదామినియమ్మ.

"ఏమే, అమ్మ చెప్పేది నిజమేనా? అమ్మని నీ పక్కన నేలమీద కూర్చోబెట్టావా?" అన్నాడు వాసవన్.

అవునంటే ఏమవుతుందో ఆ ప్రశ్నలోనే ఉంది. కుంజుపెణ్ణుకి అర్థమైంది. సౌదామినియమ్మకీ ఇప్పుడర్థమైంది.

"లేదు సారూ. నాకే చెయ్యి జారింది. వయసైపోతోంది."

ముక్కలన్నీ, వాటితో పాటు జీడి అంటిన పప్పంతా తీసిపారేసి, మిగిలింది తూచాడు వాసవన్. ఇంకోసారి ఇలా అయితే పని చీటీ చింపేస్తానన్నాడు. కుంజుపెణ్ణు ఖాళీ బుట్ట చంకన పెట్టుకుని, సోదాకి నిలబడి, గేటు దాటింది. సౌదామినియమ్మ రోడ్డుమీద ఆమెని అందుకుంది. పక్కనే నడిచింది. కొంతదూరం పోయాక కుంజుపెణ్ణే ఆగింది. కోపంగా లేదు. అలిసిపోయి ఉంది.

"కొచ్చమ్మా, ఒక్క మాట. మళ్ళీ ఎప్పుడైనా సిగ్గేస్తే మీ ఇంట్లోనే కూర్చుని సిగ్గుపడండి. నా దగ్గరికి తేకండి. నాకు గిట్టుబాటు కాదు."

సౌదామినియమ్మ సరే అంది.